మొర్రి పండేదాకా ఆగే హక్కు

ఒకే చెట్టు సరుకు వరంగల్‌కు రెండు దారుల్లో వస్తుంది. ఎండలు ముదిరిన ఏప్రిల్, మే నెలల్లో ఏటూరునాగారం, తాడ్వాయి, భూపాలపల్లి వైపు అడవుల నుంచి గంపల్లో మొర్రి పండ్లు వస్తాయి. బఠాణీ కన్నా కొంచెం పెద్దగా, నల్లగా నిగనిగలాడే ఆ పండ్లను ఆకు డొప్పల్లో పోసి అమ్ముతారు. పిల్లలు గుప్పెడు నోట్లో వేసుకుని, పలుచని తీపి గుజ్జు చప్పరించి, గింజ ఊసేస్తారు. రెండో దారి బజారుది. కొత్తవాడలో ఏ కిరాణా కొట్టుకు వెళ్లి అడిగినా జీడిపప్పు, కిస్‌మిస్‌ల పక్కనున్న డబ్బాలోంచి సారపప్పు తూచి ఇస్తారు. రంజాన్ దగ్గరపడితే షీర్ ఖుర్మా కోసం దాని అమ్మకం పెరుగుతుంది. పండ్లు తిన్న పిల్లలు ఊసేసిన గింజలో ఉన్నదీ, కిరాణా కొట్లో గ్రాముల లెక్కన తూకం వేసేదీ ఒకే పప్పు. పండు అమ్మిన మనిషికీ పప్పు అమ్మిన అంగడికీ మధ్య ఎన్ని చేతులు మారతాయో, ఆ మారడంలో చెట్టుకు ఏం జరుగుతోందో మాత్రం కొనేవాళ్లలో చాలామందికి తట్టదు.

మొర్రి చెట్టు మన అడవుల్లో తగ్గిపోతోందని అడవి తెలిసినవాళ్లంతా అంటారు. కారణం అడిగితే పోడు అని కొందరు, నిప్పు అని కొందరు, కొమ్మలు నరికి కాయ దులిపే అలవాటు అని ఇంకొందరు చెబుతారు. వీటిలో ఏదీ అబద్ధం కాదు. అయితే ఇవన్నీ పైకి కనిపించేవి. నా లెక్కలో అసలు కారణం వేరే ఉంది. మొర్రి కాయ పండేదాకా చెట్టు కింద ఆగగలిగే భరోసా అక్కడి మనిషికి లేదు. నేను ఆగితే నాకే దక్కుతుందన్న నమ్మకం లేనిచోట ఎవరైనా ముందుగానే కోసుకుంటారు. ఆ నమ్మకం చట్టం కాగితం మీద ఇచ్చింది, అడవిలో ఇంకా ఇవ్వలేదు. చెట్టును కాపాడాలంటే ముందు ఆ లోటు పూడ్చాలన్నదే ఈ వ్యాసంలో నా వాదన.

ముందు చెట్టును గుర్తుపట్టాలి. మొర్రి మధ్యరకం ఎత్తు చెట్టు. మంచి నేలలో నలభై యాభై అడుగులు పెరుగుతుంది. ముదురు బూడిద రంగు బెరడు చిన్నచిన్న పలకలుగా పగిలి మొసలి వీపులా కనిపిస్తుంది. దూరం నుంచి చెట్టును పట్టిచ్చేది ఆ బెరడే. ఆకు వెడల్పుగా, దళసరిగా, కొస మొద్దుగా ఉంటుంది. నడిమి ఈనె నుంచి రెండు పక్కలకూ ఈనెలు గీత గీసినట్టు తిన్నగా సాగుతాయి. టేకు, నల్లమద్ది, తునికి పెరిగే ఎండు అడవుల్లో, రాళ్లు తేలిన గుట్టల మీద కూడా ఇది బతుకుతుంది. మాఘ, ఫాల్గుణాల్లో కొమ్మల చివర తెల్లని చిరుపూల గుత్తులు వేస్తుంది. సంస్కృతంలో దీన్ని ప్రియాల అంటారు. కాళిదాసు కుమారసంభవం మూడో సర్గలో అకాల వసంతాన్ని వర్ణిస్తూ ఈ చెట్టు పూలగుత్తుల పుప్పొడి కళ్లలో పడి జింకలు దారి కానక పరుగెత్తాయని చెప్పాడు. ఎండాకాలం ముంగిట అడవిలో పూసే చెట్టని ఆయనకు తెలుసు. వృక్షశాస్త్రంలో దాని పేరు బుచనానియా లాంజాన్. 1795లో బర్మాకు వెళ్లిన స్కాట్లాండ్ వైద్యుడు ఫ్రాన్సిస్ బుచానన్ పేరు మీద 1800లో జర్మన్ శాస్త్రవేత్త స్ప్రెంగెల్ పెట్టిన పేరది. భారత్, నేపాల్ మొదలుకొని బర్మా, థాయ్‌లాండ్, వియత్నాం దాకా ఈ చెట్టు ఉంది.

మామిడి, జీడిమామిడి, నల్లజీడి, పిస్తా ఏ కుటుంబానివో మొర్రీ ఆ కుటుంబానిదే. జీడిపప్పు లాగే దీని పప్పులోనూ సగానికి అటూ ఇటూగా నూనె, దాదాపు ఐదో వంతు మాంసకృత్తులు ఉంటాయి. బాదం కొనలేని ఇళ్లలో బాదం బదులు వాడుకునే పప్పుగా ఉత్తరాదిన దీనికి పేరు. మన దగ్గర పాయసాల్లో, కోవా మిఠాయిల్లో వేస్తారు. హైదరాబాదీ వంటలో దీని పాత్ర ఇంకా పెద్దది. దమ్ కా ముర్గ్ మసాలాకు చిక్కదనం, నునుపు ఇచ్చేది గసగసాలతో కలిపి నూరిన సారపప్పే. ఆయుర్వేదం ప్రియాలాన్ని బలాన్నిచ్చే పండ్లలో, గింజల్లో లెక్కించింది. చెట్టు బంక, బెరడు, ఆకు కూడా వాడుకలో ఉన్నాయి. బెరడు తోళ్లు ఊనడానికి పనికొస్తుంది. ఇవన్నీ మనిషి లెక్కలు. అడవి లెక్కలో ఈ పండు ఎలుగుబంటిది, కొండముచ్చులది, పక్షులది కూడా. నీళ్లు ఎండిపోయి మేత కరువైన వేసవి నడుమ పండేవి తక్కువ. ఆ తక్కువలో మొర్రి, తునికి ముఖ్యమైనవి. పండు తిన్న జంతువు గింజను దూరంగా వదిలితే అక్కడ కొత్త చెట్టుకు అవకాశం దొరుకుతుంది.

ఇంత విలువైన పప్పుకు అడవిలో విలువ ఎంత కట్టారో చెప్పే పాత నిదర్శనం ఒకటుంది. గోదావరికి అవతల బస్తర్‌లో వ్యాపారులు ఒకప్పుడు ఉప్పిచ్చి చార పప్పు పట్టుకెళ్లేవారు. అక్కడ మొర్రిని చార అంటారు. అడవిలో దొరకని ఉప్పుకు అడవిలో దొరికే అత్యంత ఖరీదైన సరుకును మార్చుకున్నారన్నమాట. ఆ రోజులు పోయాయి, ఇప్పుడు రూపాయల్లో లెక్క నడుస్తోంది. కానీ గింజ విలువ అది తెంపే మనిషికి తెలియకపోవడం, తెలిసినా ఆ విలువ రాబట్టుకునే తీరిక లేకపోవడం పూర్తిగా పోలేదు. గింజ నుంచి పప్పు తీసే పని చూస్తే ఇది అర్థమవుతుంది.

పండ్లను రాత్రంతా నీళ్లలో నానబెడతారు. తెల్లారి చేతులతో పిసికి, గోనె పట్టా మీద రుద్ది, తొక్కా గుజ్జూ పోయేదాకా కడుగుతారు. మిగిలింది రెండు చిప్పలు అతికినట్టుండే గట్టి గింజ. దాన్ని ఎండలో గలగలలాడేదాకా ఎండబెట్టాలి. అసలు కష్టం ఆ తర్వాతే. పెంకు మందం, లోపలి పప్పు మెత్తన. గట్టిగా కొడితే పప్పు నలిగిపోతుంది, మెల్లగా కొడితే పెంకు పగలదు. తిరగలి రెండు రాళ్ల మధ్య ఎడం సరిగ్గా కుదిర్చి, కొద్దికొద్దిగా పోస్తూ తిప్పి, చేటలో చెరిగి, పగలని గింజను మళ్లీ తిరగట్లో పోయాలి. చివరికి చేటలో మిగిలేది గోధుమ రంగు మీద ముదురు మచ్చలున్న, కందిబేడ కన్నా కాస్త పెద్ద పప్పు. అందులోనూ విరిగిన పలుకుకు ఒక ధర, నిండు పప్పుకు ఒక ధర. పెంకులో ఉన్నంతకాలం పప్పు నిలవ ఉంటుంది. బయటికి తీస్తే నూనె ఎక్కువ కాబట్టి త్వరగా కమురు వాసన పడుతుంది, పురుగు పడుతుంది. అందుకే ఇంట్లో నిలవ పెట్టుకునే చోటు, వారంలో సరుకు ఎత్తే కొనుగోలుదారు లేని ఇంటి మనిషి పెంకుతోనే అమ్మేస్తుంది. ఇంకా అవసరం మీదపడితే పచ్చి కాయగానే అమ్మేస్తుంది.

చెట్టుకు చేటు చేస్తున్నది ఈ పచ్చికాయ కోతే. ఇప్పచెట్టుతో పోల్చి చూడండి. ఇప్పపువ్వు పక్వానికి వచ్చాక తెల్లవారుజామున తనంతట తాను రాలుతుంది. ఏరుకునేవాడు చెట్టెక్కనక్కర్లేదు, కొమ్మ ముట్టనక్కర్లేదు, ముందు రోజు వచ్చి దోచుకుపోవడం కుదరనే కుదరదు. పైగా చాలా ఆదివాసీ గ్రామాల్లో ఏ ఇప్పచెట్టు ఏ ఇంటిదో ఊరందరికీ తెలుసు, పరాయివాడు ఏరడు. ఇప్ప తరతరాలుగా నరుకుడు పడకుండా నిలిచిందంటే ఈ రెండూ కారణాలే. మొర్రి అలా కాదు. కాయ కొమ్మ మీదే పండుతుంది, దాన్ని తెంపాలి లేదా దులపాలి. ఒక్కో గుత్తిలో కొన్ని కాయలు ముందు పండితే కొన్ని రెండు వారాలు ఆలస్యంగా పండుతాయి. అడవి నడుమ ఉన్న చెట్టు మీద ఇది ఫలానావారిదన్న గుర్తు చాలాచోట్ల లేదు. కాబట్టి నేను వచ్చే వారం పండినవి కోద్దామని ఆగితే, ఈ వారం ఇంకెవరో పచ్చివన్నీ దులిపేస్తారు. ఎక్కలేని చోట కొమ్మ నరుకుతారు. ఒక్క కొమ్మ తెగితే తెగిందిలే అనుకుంటాం గానీ, మొర్రి నెమ్మదిగా పెరిగే చెట్టు. తెగిన కొమ్మ మళ్లీ కాపుకు రావడానికి ఏళ్లు పడుతుంది.

పచ్చికాయ కోత వల్ల కోసినవాళ్లకూ నష్టమే. ముదరని గింజలో పప్పు నిండదు; ఎండబెడితే ముడుచుకుపోయి తూకం పడిపోతుంది, రుచీ తగ్గుతుంది. ఇంకో నష్టం వెంటనే కనిపించదు. మొర్రి గింజ మొలకెత్తడం ముందే కష్టం. గట్టి పెంకు నీళ్లు లోపలికి పోనివ్వదు, ఎక్కువ రోజులు ఉంచితే పప్పులోని నూనె చెడి మొలకెత్తే శక్తి పోతుంది. పండి నేలరాలిన కొన్ని వారాల్లోనే తొలకరి తడి తగిలితే మొలకకు మంచి అవకాశం. ప్రకృతి ఆ లెక్క చూసుకునే మేలో పండించి జూన్‌లో వాన పడేలా చేసింది. కాయలన్నీ ఏప్రిల్‌లోనే దులిపేస్తే ఆ ఏడాది నేలకు చేరే పక్వమైన గింజలు దాదాపు ఉండవు. అయినా మొలిచిన కొన్ని మొలకలు తర్వాతి వేసవిలో నిప్పుకు పోతాయి. ఇప్పపూలు ఏరడానికి చెట్టు కింద ఆకులు తగలబెట్టడం, తునికాకు చిగురు బాగా రావాలని నిప్పు పెట్టడం, దారిన పోయేవాడి బీడీ తుంపు, వీటన్నిటి మంటా లేత మొర్రి మీదుగానే పోతుంది. వేరు పిలకల నుంచి కొన్ని చెట్లు లేస్తాయి కాబట్టి అడవిలో మొర్రి పూర్తిగా మాయం కాలేదు. కానీ ఏళ్ల తరబడి గింజ మొలక లేకుండా పిలకల మీదే నడిచే చెట్టు జాతికి ముందుముందు ఇబ్బందే.

ఇక్కడే ఒక అభ్యంతరం ఎదురవుతుంది. కొమ్మలు నరుకుతున్నది ఆదివాసులే కదా, వాళ్లకే ఇంకా హక్కులిస్తే మిగిలిన చెట్లూ పోవా, కోతనే కొన్నేళ్లు నిషేధిస్తే సరిపోదా అని. అడవిని ప్రేమించేవాళ్లే ఇలా అంటారు, వాళ్ల ఆందోళన నిజమైనదే. కానీ నిషేధం అమలు చేయాల్సిన బీట్ అధికారి ఒక్కడు, అతని కింద వేల ఎకరాల అడవి. అతను కాపలా కాయలేని చోట నిషేధం ఉన్నట్టా లేనట్టా? ఉన్నా దాని ఫలితం తిరగబడుతుంది. దొరికితే కేసు పెడతారన్న భయంతో మనిషి మరింత త్వరగా, మరింత రహస్యంగా కోస్తాడు; దొంగసరుకు కాబట్టి వ్యాపారి చెప్పిన ధరకే అమ్ముతాడు. తొందర ఎక్కడ పుట్టిందో అక్కడ దాన్ని తగ్గించని ఏ కట్టడీ చెట్టును కాపాడదు. ఇంకో సంగతీ మరవద్దు. మొర్రి చేతికొచ్చే నెలలు అడవి ఊళ్లలో చేతిలో పైసా లేని నెలలు. పోయిన పంట గింజలు అయిపోవస్తాయి, వానాకాలం విత్తనాలకూ ఎరువులకూ డబ్బు కావాలి. మార్చిలో ఇప్పపువ్వు, ఏప్రిల్-మేలలో తునికాకు, దాంతోపాటే మొర్రి, ఆ వెనక ఇప్పగింజ. ఈ వరుసే ఆ మూడు నాలుగు నెలలు ఇల్లు గడిపేది. గుప్పెడు సారపప్పుతో ఎవరి బతుకు మారుతుందని తేలిగ్గా అనేవాళ్లు ఆ నెలల్లో గుప్పెడు రూపాయల బరువు ఎంతో ఆలోచించాలి.

ధర మాట చూద్దాం. అటవీ ఫలసాయానికి కనీస మద్దతు ధర ఇచ్చే పథకాన్ని కేంద్రం 2013-14లో మొదలుపెట్టినప్పుడు తొలి జాబితాలోనే మొర్రి గింజ ఉంది. 2020లో ధరలు సవరించి పెంకుతో ఉన్న గింజకు కిలో 126 రూపాయలుగా ప్రకటించారు. నగరంలో పప్పు కొనబోతే కిలో వెయ్యి రూపాయలు ఎప్పుడో దాటింది. ఈ రెండు అంకెలు పక్కపక్కన పెట్టి మధ్యదంతా దళారి లాభమని చెప్పడం సులువు, కానీ అది న్యాయమైన లెక్క కాదు. గింజ బరువులో పెంకుదే పెద్ద వాటా. కిలో పప్పు కావాలంటే ఎన్నో కిలోల గింజ పగలగొట్టాలి, కూలీ ఖర్చు, నలిగిన పప్పు నష్టం, రవాణా అన్నీ ఉంటాయి. వ్యాపారి పనికీ ఒక విలువ ఉంది. అయితే ఆ లెక్క అంతా తీసేశాక కూడా మిగిలే మాట ఒకటుంది. పెంకు పగలగొట్టి, చెరిగి, తరగతులుగా విడదీసి అమ్మే పనిలో పుట్టే విలువ ఎక్కడ పనిచేస్తే అక్కడే ఉండిపోతుంది. గింజను గింజగానే బండెక్కిస్తే ఆ విలువ అంతా దాంతోపాటే ఊరు దాటుతుంది.

పెంకు పగలగొట్టే యంత్రాలు ఉన్నాయి, అవి కొండలంత పెట్టుబడి కోరేవి కావు. 2018 ఏప్రిల్ 14న మన ములుగు సరిహద్దుకు ఆవలే ఉన్న బీజాపూర్‌లో ప్రధాని ప్రారంభించిన వన్‌ధన్ పథకం ఉద్దేశం కూడా ఇదే: ఏరినవాళ్లే సంఘాలుగా ఏర్పడి సరుకును శుభ్రపరచి, విలువ పెంచి అమ్ముకోవడం. మనకు అంతకన్నా పాత సంస్థ ఉంది. గిరిజన సహకార సంస్థ 1956లో పుట్టింది, వ్యాపారుల వడ్డీల నుంచి, తప్పుడు తూకాల నుంచి ఆదివాసులను కాపాడటం దాని పని. 1979లో వచ్చిన రెగ్యులేషన్ షెడ్యూల్డు ప్రాంతాల్లో అటవీ ఫలసాయం వ్యాపారాన్ని దాని చేతికే ఇచ్చింది. ఆ రోజుల్లో అది అవసరమైన అడుగే. సంతలో కుంచం అడుగు పైకి కొట్టి కొలిచే సావుకారుకు ఎదురుగా సర్కారు తూకం నిలబడింది. కానీ సంస్థ కొనేది ఎక్కువగా ముడిసరుకే. అది సమయానికి రాకపోయినా, ఆ రోజు డబ్బు లేదన్నా, ఏరినవాళ్లకు వేరే దారి లేకుండా పోతుంది. తూకం కాపాడింది గానీ, సరుకు మీద నిర్ణయం ఏరినవాళ్ల చేతికి రాలేదు.

నిర్ణయం ఎవరిదో చట్టం తర్వాత తేల్చింది. 1996 పెసా చట్టం షెడ్యూల్డు ప్రాంతాల్లో అటవీ ఫలసాయం మీద యాజమాన్యాన్ని గ్రామసభకు అప్పగించమంది. 2006 అటవీ హక్కుల చట్టం ఇంకా ముందుకు వెళ్లింది. ఫలసాయాన్ని సేకరించే, వాడుకునే, అమ్ముకునే హక్కుతోపాటు, తమ సామూహిక అడవిని కాపాడుకునే, మళ్లీ పెంచుకునే, నిర్వహించుకునే హక్కు కూడా గ్రామానికి ఉందని రాసింది. నా వాదనకు కీలకం ఆ రెండో హక్కే. మొదటిది కాయ కోసుకోనిస్తుంది. రెండోది కోత ఎప్పుడు మొదలవ్వాలో, పరాయి ఊరివాడు వస్తే ఏం చేయాలో, ఏ చెట్టు కొమ్మ ముట్టకూడదో ఊరు చెప్పగలిగేలా చేస్తుంది. తెలంగాణలో 2023 జూన్‌లో నాలుగు లక్షల ఎకరాలకు పైగా పోడు భూములకు పట్టాలిచ్చారు. అది సాగు చేసుకునే నేల మీద ఒక్కొక్కరికి ఇచ్చిన హక్కు, ఎంతో ఆలస్యంగా వచ్చిన న్యాయం. సామూహిక అడవి హక్కు మీద అంత పట్టుదల కనబడలేదు. పొలం గట్టు దాటి అడవిలో ఉన్న మొర్రి ఇంకా అందరిదీ, ఎవరిదీ కానిదే.

హక్కిస్తే గ్రామసభ నిజంగా నిర్వహించగలదా అని అడగవచ్చు. కాళేశ్వరం దగ్గర గోదావరి దాటితే మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లా. అక్కడి మెంఢా-లేఖా అనే గోండు గ్రామానికి 2009లో సామూహిక అటవీ హక్కులు వచ్చాయి. 2011లో వెదురు రవాణా అనుమతి పుస్తకం గ్రామసభ చేతికే వచ్చింది, ఊరే వెదురు అమ్మింది. ఆ తర్వాత ఆ జిల్లాలో చాలా గ్రామసభలు తునికాకును కూడా కాంట్రాక్టరుతో తామే మాట్లాడుకుని అమ్మాయి. అన్ని ఊళ్లూ గెలవలేదు, కొన్నిచోట్ల కాంట్రాక్టర్లు మోసమూ చేశారు. వెదురూ తునికాకూ మొర్రి లాంటివి కావని కూడా అనవచ్చు. నిజమే, వాటిని కోసే పద్ధతి వేరు. కానీ ఊరు నియమం పెట్టుకుంటే ఊరు పాటిస్తుందా అన్న ప్రశ్నకు అవి జవాబే. పైగా నియమం కొత్తగా నేర్పాల్సిన పనీ లేదు. కొత్త కాయ వచ్చినప్పుడు గ్రామదేవతకూ పెద్దలకూ పెట్టి పండుగ చేయనిదే నోట పెట్టకపోవడం మన ఆదివాసీ గూడేల్లో పాత కట్టుబాటు. కోయ ఊళ్లలో ఇప్పపూలకు, మామిడికి, చిక్కుడుకు అలాంటి పండుగలున్నాయి. భక్తి ఒక పక్క ఉంచితే, అది కోత తేదీని ఊరంతా కలిసి నిర్ణయించే ఏర్పాటు. పచ్చి మామిడికాయ దగ్గర పనిచేసిన ఆ కట్టుబాటును మొర్రికి కూడా వర్తింపజేసి, దానికి గ్రామసభ తీర్మానం బలం జోడిస్తే చాలు. ఏ పండుగకూ కట్టుబడని పరాయి వ్యాపారి మనిషిని ఆపడానికి కావలసింది ఆ తీర్మానమే.

ఇదంతా ఎందుకు, జీడిమామిడిలా తోటలు వేస్తే పోలా అనేవాళ్లున్నారు. ఇది గట్టి ప్రశ్న. జీడిమామిడి పోర్చుగీసువాళ్లతో బ్రెజిల్ నుంచి వచ్చిన చెట్టు. దానికి బాపట్లలో పరిశోధన కేంద్రం ఉంది, మేలురకాలు వచ్చాయి, రైతుకు అంటు మొక్కలు దొరుకుతున్నాయి. ఇక్కడే పుట్టిన దాని బంధువు మొర్రికి ఆ శ్రద్ధలో చాలా కొంచెమే దక్కింది. అయినా పని మొదలైంది. గుజరాత్‌లోని వేజల్‌పూర్ ఉద్యాన ప్రయోగ కేంద్రం థార్ ప్రియ అనే రకాన్ని విడుదల చేసింది. లేత కొమ్మ అంటు పద్ధతి మొర్రికి పనిచేస్తుందని తేలింది. గింజ నుంచి పెంచిన చెట్టు కాపు కోసం చాలా ఏళ్లు ఆగాలి, అంటుతో ఆ ఎదురుచూపు తగ్గుతుంది. కాబట్టి తోటలకు నేను వ్యతిరేకం కాదు. కొత్తగా పట్టాలు వచ్చిన పోడు భూముల గట్ల మీద, రాళ్లు తేలి పత్తి పండని చెలకల్లో మొర్రి అంట్లు నాటమని సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థలు (ఐటీడీఏలు), ఉద్యానశాఖ చెప్పాలి. 2015లో మొదలైన హరితహారం నర్సరీలు ఊరూరా వెలిశాయి. అక్కడ పెంచే మొక్కల్లో మొర్రికి తగిన చోటు ఇవ్వాలి. కానీ తోట అడవికి బదులు కాలేదు. ఎంపిక చేసిన కొన్ని చెట్ల కొమ్మలతో అంటుకట్టి పెంచే తోటలో ఆ కొన్ని చెట్ల గుణమే ఉంటుంది. వేల చెట్లలో ఉన్న కరువును, తెగులును తట్టుకునే వైవిధ్యం అడవిలోనే ఉంది. రేపు తోటకు కావలసిన కొత్త రకం కూడా అక్కడి నుంచే రావాలి. మరొకటి, మైదానంలో నీరూ పెట్టుబడీ ఉన్న రైతులు పెద్ద ఎత్తున మొర్రి పండించి ధర పడగొడితే మొదట దెబ్బతినేది పట్టా కూడా లేని అడవి మనిషి. తోట ఎవరి నేలలో పెరుగుతుందన్నది కూడా విధానంలో భాగం కావాలి.

సరుకుకు ఊరి పేరు రావడం ఎంత మేలు చేస్తుందో వరంగల్‌కు ప్రత్యేకంగా చెప్పనక్కర్లేదు. కొత్తవాడ నేతగాళ్లు తరతరాలుగా నేసిన షత్రంజీలకు 2018లో వరంగల్ డర్రీల పేరుతో భౌగోళిక గుర్తింపు వచ్చింది. దాంతో మగ్గాల కష్టాలన్నీ తీరిపోలేదు, నూలు ధర తగ్గలేదు. కానీ ఆ సరుకు ఎక్కడిదో, ఎవరి చేతిదో చెప్పుకునే హక్కు చట్టంలోకి ఎక్కింది. వేరేచోట మిల్లులో నేసి వరంగల్ పేరు తగిలించడం తప్పయింది. అడవి నుంచి వచ్చే సారపప్పు సంచి ఏ ఊరి పేరూ లేకుండా టోకు బజారులో కలిసిపోతుంది. పండిన కాయ నుంచి తీసిన పప్పూ, పచ్చికాయ నుంచి పిండిన ముడతల పప్పూ ఒకే కుప్పలో పడతాయి. అలాంటప్పుడు ఆగి కోసినవాడికి పైసా ఎక్కువ రాదు. పప్పును ఊరి పేరుతో, కోసిన నెలతో, తరగతితో అమ్మగలిగితే ఆగినందుకు ధర రూపంలో ప్రతిఫలం వస్తుంది. చట్టం ఇచ్చే భరోసాకు బజారు ఇచ్చే భరోసా తోడవ్వాలి. ఒకటి ఉండి ఒకటి లేకపోతే తొందర తగ్గదు.

చేయాల్సిన పనులు పెద్దవి కావు, వరుస మాత్రం ముఖ్యం. ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్ జిల్లాల్లో మొర్రి ఎక్కువగా ఉన్న గ్రామాలకు ముందు సామూహిక అటవీ హక్కు పత్రాలు ఇవ్వాలి. పూత దిగి పిందె పడే సమయానికి, అంటే మార్చి లోపే, గ్రామసభ కూర్చుని ఆ ఏడాది కోత తేదీ రాసుకోవాలి. అటవీ శాఖ ఆ తేదీని తన తేదీగా అమలు చేయాలి. గిరిజన సహకార సంస్థ కొనుగోలు కేంద్రాలు ఆ తేదీకి ముందు వచ్చిన పచ్చి గింజను కొనకూడదు, తర్వాత వచ్చినదానికి అదే రోజు డబ్బు చేతిలో పెట్టాలి. మండలానికి ఒకటి చొప్పున పెంకు పగలగొట్టే యంత్రం మహిళా సంఘం చేతిలో ఉండాలి. ఇక నగరంలో పండ్లు కొనే మనం చేయగలిగిందీ ఒకటుంది. ఆకుపచ్చగా, ఎర్రగా ఉన్న మొర్రి కాయలు గంపలో కనిపిస్తే కొనకండి. నల్లగా పండినవే అడగండి, బేరమాడకుండా కొనండి, తిన్నాక గింజలు పారేయకుండా తొలకరి పడగానే ఇంటి వెనక ఖాళీ జాగాలోనో ఊరి గుట్ట మీదో నాటండి.